కారు అప్పు నుండి పేరు తొలగింపు: ఉద్యోగులు తెలుసుకోవలసిన విషయాలు

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నాకు అప్పగించిన విషయం మన కోర్కెల పత్రంలో ఎక్కడా కనిపించదు. కరువు భత్యం కాదు, పింఛను కాదు, పని గంటలు కాదు. అయినప్పటికీ యూనియన్ కార్యాలయానికి వచ్చే సభ్యులు పనిలో పనిగా అడిగే ప్రశ్నలలో ఇది తరచుగా వినబడుతున్నది: "మా తమ్ముడి కారు అప్పులో నా పేరు కూడా ఉన్నది. ఇప్పుడు తీయించుకోవడం ఎట్లా?" కొందరు తమ్ముడంటారు, కొందరు బావమరిది అంటారు, కొందరు తోటి ఉద్యోగి అంటారు. అడిగేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి అడుగుతారు. సిగ్గుపడవలసిన విషయం కాదిది. జీతం పెంచమని మనం నెలల తరబడి పోరాడుతాం. పెరిగిన ఆ జీతంలో మూడవ వంతును ఒక్క సంతకం తీసుకొనిపోగలదు. కనుక దీనిని గురించి సభలో మాట్లాడుకోవలసిందే.

మన బిలాస్‌పూర్ వారికి షూరిటీ సంతకం కొత్త కాదు. 1891లో నాగపూర్ నుండి ఆసన్‌సోల్ వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం ఈ ఊరి మీదుగా పూర్తి అయినది. 1902లో కటక్ నుండి విజయనగరం వరకు ఉన్న కోస్తా మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చినది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి మన పెద్దలు ఇక్కడి లోకోషెడ్లకు, యార్డులకు వచ్చి స్థిరపడ్డారు. వచ్చినవారికి ఇక్కడ భూమి లేదు, ఇల్లు లేదు, హామీగా చూపడానికి బంగారం లేదు. బిడ్డ పెండ్లికో, వైద్యానికో అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాలి. లేదా ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో తోటి కార్మికుని సంతకంతో అప్పు తీసుకోవాలి. ఆ సంతకమే మన పెద్దల ఆస్తి. దానిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు.

కాని ఆ పాత ఏర్పాటులో ఒక రక్షణ ఉండేది. అప్పు తీసుకున్నవాడు, షూరిటీ నిలిచినవాడు ఒకే రైల్వేలో పనిచేసేవారు. కిస్తీ జీతంలో నుండే కోయబడేది. ఎవడైనా ఎగవేయాలన్నా సులభంగా కుదిరేది కాదు. కుదిరినా నెల తిరగకముందే షెడ్డులో అందరికీ తెలిసేది. నేటి కారు అప్పు అట్టిది కాదు. తీసుకున్నవాడు హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో ఉంటాడు. షూరిటీ బిలాస్‌పూర్‌లో ఉంటాడు. బ్యాంకు మరొక ఊరిలో ఉంటుంది. నాలుగు కిస్తీలు తప్పిన పిదప నోటీసు వస్తే గాని ఇక్కడివానికి సంగతి తెలియదు.

మరొక మార్పు కూడా జరిగినది. ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వోద్యోగికి మోటారు కారు అడ్వాన్సు ఉండేది. కారును రాష్ట్రపతి పేర తాకట్టు పెట్టినట్లు పత్రం వ్రాసి ఇచ్చేవారు. తాత్కాలిక ఉద్యోగి అయితే పర్మనెంటు ఉద్యోగి ఒకరు షూరిటీ నిలవాలి. ఏడవ వేతన సంఘం సిఫారసుల పిదప, 2016 అక్టోబరు ఉత్తర్వులతో ఈ అడ్వాన్సు రద్దయినది. అప్పటి నుండి కారు కావలసిన ఉద్యోగి బ్యాంకుకో, ఫైనాన్సు కంపెనీకో పోవలసిందే. షోరూములో టీ ఇచ్చి, పది కాగితాలు ముందు పెట్టి, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేయమంటారు. "ఏం బావా, ఒక్క సంతకమే కదా" అంటాడు పక్కన కూర్చున్నవాడు. చదవడానికి వ్యవధి ఎక్కడిది?

అందుచేత మొట్టమొదట తేల్చుకోవలసినది మీ పేరు ఏ హోదాలో ఉన్నదనే విషయం. ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతున్నాయి. సహ ఋణగ్రహీతగా సంతకం చేసినవాడు అప్పు తానే తీసుకున్నవాడితో సమానం. హామీదారు, అనగా షూరిటీ, వేరొకరి అప్పు తీర్చకపోతే తాను తీరుస్తానని మాట ఇచ్చినవాడు. ఈ రెండూ అప్పు కాగితానికి చెందినవి. మూడవది వాహనపు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మనం ఆర్.సి. అనేది. అందులో పేరు ఉన్నవాడు బండికి యజమాని. ఒకరు ఆర్.సి.లో ఉండి ఇద్దరు అప్పులో ఉండవచ్చు. ఆర్.సి. నుండి పేరు తీసినంత మాత్రాన అప్పు నుండి పేరు పోదు. అప్పు తీరిపోయినంత మాత్రాన ఆర్.సి. మారదు. ఈ రెండింటికీ రెండు కార్యాలయాలు, రెండు రకాల కాగితాలు.

ఇక చట్టం సంగతి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టమే ఇప్పటికీ దీనికి ఆధారం. 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి మాట ఇచ్చినప్పుడు, ఒప్పందంలో వేరుగా చెప్పి ఉంటే తప్ప, అప్పిచ్చినవాడు ఆ ఇద్దరిలో ఎవరినైనా మొత్తం చెల్లించమని పట్టుకోవచ్చు. "నా వాటా సగం, అది కట్టేస్తాను, నన్ను వదలండి" అనే మాట బ్యాంకు ముందు చెల్లదు. సగం అనేది మీకూ మీ తమ్ముడికీ మధ్య లెక్క. 128వ సెక్షన్ హామీదారుని గురించి చెబుతుంది. ఒప్పందంలో వేరుగా లేకపోతే, అసలు ఋణగ్రహీతకు ఎంత బాధ్యత ఉన్నదో హామీదారునికీ అంతే. ముందు అసలువానిని అడిగి, అతని ఆస్తి అంతా అమ్మి, ఆ తరువాత గదా నా దగ్గరకు రావాలి అని మనవారు వాదిస్తారు. న్యాయంగా తోచే వాదమే. కాని 1968లో బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర ప్రసాద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనిని తోసిపుచ్చినది. అప్పిచ్చినవాడు ముందుగా ఋణగ్రహీత మీద మార్గాలన్నీ ముగించనక్కరలేదు, హామీ యొక్క ప్రయోజనమే అది గదా అని తేల్చినది.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. అన్న ఇక్కడ గూడ్సు గార్డు. (2022లో ఆ హోదాకు ట్రైన్ మేనేజరు అని పేరు మార్చినారు. మన నోటికి మాత్రం ఇంకా గార్డే.) తమ్ముడు పలాసలో వ్యాపారం చేస్తాడు. ఇద్దరూ కలిసి ఆరు లక్షలు అప్పు చేసి కారు కొన్నారు. కొంతకాలానికి కుటుంబం వేరుపడినది. పెద్దమనుషుల ఎదుట పంపకాల కాగితం వ్రాసుకున్నారు: కారు తమ్మునిది, అప్పు తమ్మునిది. అందరూ సంతకాలు చేశారు. అన్న ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో భద్రపరచి నిశ్చింతగా ఉన్నాడు. ఆ కాగితంలో ఒక్క సంతకం తక్కువ: బ్యాంకుది. దానిని బట్టి అన్న తమ్మునిపై దావా వేసుకోవచ్చు. బ్యాంకు అన్నపై దావా వేయకుండా మాత్రం అది ఆపలేదు. భార్యాభర్తల విడాకులలోనూ ఇదే. కారు అప్పు భర్తే తీర్చాలని కోర్టు వ్రాసినా, ఆ వ్యాజ్యంలో బ్యాంకు కక్షిదారు కాదు కనుక, అప్పు పత్రంలోని భార్య పేరు ఆ తీర్పుతో చెరిగిపోదు. ఉద్యోగినులైన సోదరీమణులు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాను. విడాకుల రాజీ పత్రం వ్రాసే నాడే అప్పు మూసివేసే తేదీని, విధానాన్ని షరతుగా పెట్టించుకోవాలి.

"నేను హామీ ఉపసంహరించుకుంటున్నాను" అని రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం పంపితే చాలదా అని తపాలా సోదరుడొకరు అడిగినారు. రిజిస్టర్డు పోస్టు మీద ఆయనకు గల విశ్వాసం సహజమే. 130వ సెక్షన్ అట్టి హక్కును ఇస్తున్న మాట నిజం. కాని అది కొనసాగే హామీకి, అందులోనూ ఇకముందు జరిగే లావాదేవీలకు మాత్రమే. వ్యాపారి ఖాతాలో ఇవాళ తీసి రేపు కట్టే అప్పుకు అది వర్తిస్తుంది. కారు అప్పు ఒక్కసారిగా ఇచ్చివేసిన సొమ్ము. ఇచ్చిన తరువాత వెనుకకు తీసుకోవడానికి ఇంకేమీ మిగలదు. కొనసాగే హామీలో సైతం ఆ హక్కును ముందే వదులుకున్నట్లు ఫారంలో అచ్చువేసి ఉంటే ఉత్తరం నిలువదు. 2008లో సీతారాం గుప్తా, పంజాబ్ నేషనల్ బ్యాంకు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ విధంగానే చెప్పినది. కావున మనసు మారినవాడు సొమ్ము విడుదల కాకముందే లిఖితపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోవాలి. షోరూము గుమాస్తాకు ఫోను చేసి చెప్పడం దీని కిందకు రాదు.

అయితే బయటపడే దారి లేదా? ఉన్నది. బ్యాంకు ఒప్పుకోవాలి, లేదా అప్పు ముగియాలి. ఈ రెండు తలుపులే గాని మూడవది లేదు.

బ్యాంకును ఒప్పించడం అంటే మీ పేరు లేకుండా మిగిలినవాని జీతం మీదనే అప్పు నిలుస్తుందని చూపించడం. అతని ఆదాయపు కాగితాలు, ఇంతవరకు కిస్తీలు తప్పని చరిత్ర, వీలైతే మీ బదులు మరొక హామీదారు కావాలి. దరఖాస్తు ఇద్దరూ కలిసి పెట్టాలి. ఒప్పుకొని తీరవలసిన బాధ్యత బ్యాంకుకు లేదు. అయినా సగానికి పైగా తీరిన అప్పు విషయంలో అడిగి చూడటం వ్యర్థం కాదు. ఒప్పుకుంటే పాత ఒప్పందం స్థానంలో కొత్త ఒప్పందమో, సవరణ పత్రమో వ్రాయించి, మిమ్ములను విడుదల చేసినట్లు బ్యాంకు అధికారి సంతకంతో, ముద్రతో ఉన్న ఉత్తరం చేతికి తీసుకోవాలి. "సిస్టంలో మార్చాం, మీరు పొండి" అంటే కదలవద్దు. ఇద్దరు హామీదారులు ఉన్నచోట మరొక చిక్కు ఉన్నది. 138వ సెక్షన్ ప్రకారం ఒకరిని విడిచిపెట్టినంత మాత్రాన రెండవవాడు విముక్తుడు కాడు. మీ మిత్రుడు బయటపడ్డాడని విని మీరు సంతోషించి ఊరుకోరాదు.

అప్పు ముగించడం తేలికైన మార్గం. కారు ఉంచుకునేవాడు తన ఒక్కని పేర కొత్త అప్పు తీసుకొని పాతది కట్టివేయవచ్చు. వడ్డీలో తేడా, ముందుగా తీర్చినందుకు వేసే రుసుము ముందే లెక్క చూసుకోవాలి. లేదా కారు అమ్మి అప్పు తీర్చవచ్చు. అమ్మిన ధర బాకీకి చాలకపోతే ఆ లోటు ఎవరు భరించేదీ ఆనాడే తేల్చుకోవాలి. లోటు ఐదు వేలైనా, యాభై వేలైనా, తీర్చనంతవరకు మీ పేరు అక్కడే ఉంటుంది. అప్పు తీరిన తరువాత బ్యాంకు నుండి బాకీ లేదన్న పత్రం, ఫారం 35 తీసుకొని రవాణా కార్యాలయంలో ఆర్.సి. మీది హైపాథికేషన్ రద్దు చేయించాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, నమోదైన చార్జీని తొలగించాలని, తమ తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించినది. ఆ సంవత్సరం డిసెంబరు 1 నుండి అది అమలులో ఉన్నది. ఈ ఆదేశం కాపీ జేబులో పెట్టుకొని వెళ్ళినవారితో మాట తీరే వేరుగా ఉంటుంది.

ఆర్.సి.లో మీ పేరు ఉండి బండి మరొకరు నడుపుతున్నట్లయితే అప్పుకన్న పెద్ద ప్రమాదం అదే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, బండి చేతులు మారి ఎంతకాలమైనా, రవాణా కార్యాలయపు రికార్డులో ఎవరి పేరు ఉన్నదో ప్రమాద నష్టపరిహారానికి వారే యజమాని అని నిర్ణయించినది. అప్పు ఉన్నంతకాలం బ్యాంకు సమ్మతి లేనిదే ఆర్.సి. మార్పు నమోదు కాదు. అందుచేత తమ్మునికి కారు అప్పగించిన అన్న కనీసం ఇన్సూరెన్సు ప్రతి సంవత్సరం కడుతున్నాడో లేదో చూసుకోవాలి. ఇన్సూరెన్సు లేని బండి ప్రమాదం చేస్తే లక్షలలో తేలుతుంది.

కిస్తీలు తప్పి, కోర్టు డిక్రీ అయినదనుకుందాం. జీతం మొత్తం పోతుందని భయపడి కొందరు ఉద్యోగం మానుకోవాలన్నంత వరకు ఆలోచిస్తారు. అంత అవసరం లేదు. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షన్ మనకు కొంత రక్ష. జప్తు లెక్కకు వచ్చే జీతం నెలకు 43,000 అనుకోండి. మొదటి 1,000 ముట్టరాదు. మిగిలిన 42,000లో మూడింట రెండు వంతులు, అనగా 28,000 ముట్టరాదు. తక్కిన 14,000 నెలనెలా పోగలదు. ఇట్లు మొత్తం 24 నెలలు జప్తు జరిగిన పిదప అదే డిక్రీ కింద జీతాన్ని మళ్ళీ ముట్టుకోరాదు. 24 నెలలకు 3,36,000 రూపాయలు. రక్ష ఉన్నదన్నానే గాని, నష్టం లేదనలేదు. ఇది మనోవర్తి డిక్రీలకు వర్తించదు. పింఛను, ప్రావిడెంటు ఫండు ప్రభుత్వం చేతిలో ఉన్నంతవరకు వాటిని జప్తు చేయరాదని సుప్రీంకోర్టు 1976లో జ్యోతి చిట్ ఫండ్ వ్యాజ్యంలో స్పష్టం చేసినది. అప్పులవారు పదవీ విరమణ రోజున సెటిల్మెంటు విభాగం ముందు నిలబడి బెదిరించినా, ఆ సొమ్ము మీద చేయి వేయలేరు. అయితే మీరే సమ్మతి పత్రం మీద సంతకం చేసి ఉంటే సంగతి వేరు. సహకార సంఘాల అప్పు కాగితాలతో పాటు అట్టి సమ్మతి పత్రం కూడా కలిపి ఉంటుంది. గ్రాట్యుటీ నుండి కోసుకోవచ్చునన్న వాక్యం అందులో ఉన్నదా లేదా చూడండి.

షూరిటీ నిలిచి కట్టవలసి వచ్చినవాడు కట్టి ఊరుకోరాదు. 140, 145 సెక్షన్ల కింద అతడు కట్టిన ప్రతి రూపాయి అసలు ఋణగ్రహీత నుండి రాబట్టుకునే హక్కు అతనికి ఉన్నది. కారు మీద బ్యాంకుకు గల హక్కులు కూడా అతనికి సంక్రమిస్తాయి. ఇద్దరు షూరిటీలుండి ఒకడే మూడు లక్షలు కడితే, 146వ సెక్షన్ ప్రకారం లక్షా యాభై వేలు రెండవవాని నుండి అడగవచ్చు. దావాకు గడువు మూడు సంవత్సరాలే. కావున నగదుగా ఇచ్చి స్నేహం మీద వదిలివేయకండి. బ్యాంకు ద్వారా కట్టి, "హామీదారుగా చెల్లించినది" అని రసీదులో వ్రాయించండి. బ్యాంకు తాకట్టును తన అజాగ్రత్తవల్ల పోగొడితే ఆ మేరకు హామీదారుకు విముక్తి అని 141వ సెక్షన్ చెబుతుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ సౌరాష్ట్ర వ్యాజ్యంలో 1980లో సుప్రీంకోర్టు హామీదారుని పక్షాన తీర్పు ఇచ్చినది ఈ సూత్రం మీదనే. కారు మీద హైపాథికేషన్ నమోదు చేయించకుండా బ్యాంకు నిద్రపోయి, ఋణగ్రహీత కారు అమ్ముకొనిపోతే, మీ వకీలుకు ఈ సంగతి చెప్పండి.

చనిపోయినవారి విషయం ఒక్కటి. షూరిటీ మరణించినా, అప్పటికే ఇచ్చిన అప్పు మీద బాధ్యత అతని ఆస్తి వరకు నిలిచి ఉంటుంది. అంతకు మించి భార్యాబిడ్డలు తమ సంపాదన నుండి కట్టనక్కరలేదు, వారు స్వయంగా సంతకం చేసి ఉంటే తప్ప. దినవారాలైనా కాకముందే ఇంటికి వచ్చి "ఇక్కడ ఒక సంతకం పెట్టండమ్మా, ఫార్మాలిటీ" అనేవారు ఉన్నారు. ఆ సంతకంతోనే కొత్త బాధ్యత పుడుతుంది. ఆ సమయంలో ఇంటిలో ఉండవలసినవాడు యూనియన్ ప్రతినిధి.

మనం చేయవలసిన పని కొంత ఉన్నది. షూరిటీ నిలిచినవానికి మొదటి కిస్తీ తప్పిన నెలలోనే ఉత్తరం పంపాలని మన సహకార సంఘాల మహాజన సభలలో తీర్మానం పెట్టాలి. సభ్యులం మనమే, ఓటు మనదే. అప్పు తీసుకున్నవాడు వేరే డివిజనుకు బదిలీ అయినా, షూరిటీ పదవీ విరమణ చేస్తున్నా, కొత్త షూరిటీని చూపి పాతవానిని వదిలే పద్ధతి నిబంధనలలో చేర్పించాలి. బ్యాంకులను మనం శాసించలేము. కాని తప్పుడు నమోదు సరిచేయకపోతే, విడుదల ఉత్తరం ఇచ్చి కూడా పేరు ఉంచితే, 30 రోజులు చూసి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మీ పేర ఎక్కడెక్కడ హామీలు ఉన్నవో క్రెడిట్ సమాచార కంపెనీల నివేదికలో కనబడుతుంది. సంవత్సరానికి ఒక పూర్తి నివేదిక ఒక్కొక్క కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. సిబిల్ ఒక్కటే కాదు, అట్టి కంపెనీలు నాలుగు ఉన్నాయి. ఎన్నడో బావమరిది కోసం పెట్టి మరచిపోయిన సంతకం అందులో బయటపడుతుంది.

పదవీ విరమణకు రెండు సంవత్సరాలలోపు ఉన్న సభ్యులు ముందుగా రావాలి. అప్పు ఒప్పందం నకలు, కిస్తీల స్టేట్‌మెంటు, ఆర్.సి. నకలు తీసుకొని రండి. ఒప్పందం నకలు మీ దగ్గర లేకపోతే బ్యాంకును అడిగే దరఖాస్తు నమూనా తెలుగులోను, హిందీలోను మన కార్యాలయంలో సిద్ధంగా ఉన్నది. నైట్ డ్యూటీ వారి కోసం ఉదయం పది గంటల తరువాత కూడా ఒకరు ఉంటారు.